పదిహేడో నంబరు వాలుగ

పదిహేడో నంబరు వాలుగ ఆ రోజు కూడా ఉదయం ఆరూ నలభైకి వచ్చి, తొమ్మిదికి వెళ్ళిపోయింది.

"హాజరేసుకొని గోడ దుంకే పోరని లెక్క ఉన్నది మేడం ఇది" అన్నాడు స్టేషన్ సహాయకుడు యాకూబ్, తెర చూస్తూ.

రజిత నవ్వలేదు. నలభై రోజుల హాజరు గీతలు తీసి ఒకదాని కింద ఒకటి పేర్చింది. నలభై రోజుల్లో ముప్ఫై ఎనిమిది రోజులు ఆ చేప ఆరున్నరకీ ఏడుకీ మధ్య వచ్చింది. తొమ్మిది దాటాక ఒక్కరోజు కూడా లేదు. రాత్రి ఒక్కసారి కూడా లేదు. వాలుగ రాత్రిపూట వేటాడే చేప. పగలు మడుగు అడుగున పడుకుంటుంది. ఈ చేప పద్ధతి తిరగబడి ఉంది.

స్టేషన్ గోదావరి ఒడ్డున, పెద్దమడుగు ఊరికి దిగువన ఉంటుంది. రెండు గదులు, ఒక మెట్ల దారి, ఇనుప బీరువా అంత యంత్రం. యంత్రం ప్రతి ఇరవై నిమిషాలకు నదిలోంచి బిందెడు నీళ్ళు తోడుకుని జల్లెడ పడుతుంది. చేప ఈదిన చోటల్లా తన ఒంటి జిగురు వదులుతుంది. ఏ మనిషి వేలిముద్ర ఆ మనిషిదే అయినట్టు, ఏ చేప జిగురు ఆ చేపదే. యంత్రం ఆ జిగురు చదివి ఏ జాతి, ఎన్నో నంబరు చేప, దాని ఒంట్లో బాధ ఎంత అన్నది సున్నా నుంచి వంద వరకు అంకెలో చెబుతుంది. మడుగులో పదకొండు వేల చిల్లర చేపలకు నంబర్లున్నాయి. యంత్రానికి రజిత పెట్టిన పేరు పొడుగ్గా ఉండటంతో ఊళ్ళో ఎవరూ పలకలేదు. రోజూ హాజరు తీసుకుంటుంది కాబట్టి స్టేషన్‌ను చేపల బడి అన్నారు. రజిత ఆ ఊళ్ళో చేపలు పట్టే గంగపుత్రుల బిడ్డే అయినా ఆమెను చేపల టీచరమ్మ అన్నారు.

హాజరు పెరిగితే పెరిగి, బాధ పెరిగితే తగ్గేది నది ఆరోగ్య సూచి. సూచి నలభైకి పైన ఉన్నంతకాలం ఆ పాయలో వలలూ నడుస్తాయి, ఫ్యాక్టరీల గొట్టాలూ నడుస్తాయి. నలభై కంటే తగ్గితే రెండూ బందు, రెండు వానాకాలాలు దాటేదాకా. చట్టంలో ఉన్నది అంతే.

పెద్దమడుగు సూచి ఇప్పుడు నలభై మూడు. ఫిబ్రవరిలో నలభై ఒకటి. పెరగడానికి కారణం మడుగులో మిగిలిన ఈ ఒక్క వాలుగే. ఫిబ్రవరిలో దాని బాధ డెబ్బై ఎనిమిది, జూన్ నాటికి పన్నెండు. నది కోలుకుంటోందని రజిత ఏప్రిల్‌లో నివేదిక రాసింది. ఎగువన ఉన్న రంగుల ఫ్యాక్టరీ ఆ నివేదికనే జతపరిచి రెండో గొట్టానికి అనుమతి అడిగింది. దాని మీద ఊళ్ళో విచారణ జూన్ ఇరవైన. ఇంకా పదకొండు రోజులుంది.

"ఒక్క చేప బాగైతే నది బాగైనట్టేనా మేడం?" అని యాకూబ్ అప్పట్లోనే అడిగాడు.

"వాలుగ మిగతా చేపల్ని తిని బతుకుతది. వాటికి ఏది పట్టినా దానికీ పడ్తది. అందుకే దానికి మార్కులు ఎక్కువ" అని రజిత చెప్పింది. ఆ మార్కులు ఏడేళ్ళ కింద ఆమె వేసినవే.

ఇప్పుడు యాకూబ్ ఇంకో గీత తెచ్చి వాలుగ గీత పక్కన పెట్టాడు.

"ఇది జూడుండ్రి. చేప వచ్చినప్పుడల్లా జల్లెడకు పసుపు తాకుతాంది. రేవుల స్నానాలు చేసేటోళ్ళదేమో అనుకున్న ఇన్ని రోజులు. కానీ చేప రాని రెండు రోజులు పసుపు గూడ రాలే. మే పద్నాలుగు, పదిహేను."

రజిత ఆ తేదీలు రెండుసార్లు చదివింది. మే పద్నాలుగున ఆమె జగిత్యాలలో ఉంది. మేనమామ మనవరాలి పెళ్ళి. ఊరి నుంచి వ్యాన్‌లో తొమ్మిది మంది తెల్లారకముందే వెళ్ళారు, పదిహేను సాయంత్రం తిరిగొచ్చారు. వ్యాన్‌లో ఆమె పక్కన కూర్చున్నది మేనత్త కొమురవ్వ. దారి పొడుగునా కొమురవ్వ ఒకటే మాట అంది, ఇంటికాడ పనున్నదని.

యాకూబ్‌కు ఆమె ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు ఆరున్నరకు రజిత పాత రేవులో ఉంది. స్టేషన్‌కు ఆ రేవు నాలుగు వందల మీటర్లు ఎగువన. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఆరున్నర దాటాక కొమురవ్వ రెండు చేతుల్లో రెండు బకెట్లతో మెట్లు దిగింది. ఒక్కో బకెట్ నీళ్ళల్లో ఒంచి, దండం పెట్టి, మళ్ళీ మెట్లెక్కింది. రెండోసారి దిగినప్పుడు రజితను చూసింది.

"ఏమే బిడ్డా, ఇంత పొద్దుగాల్నే వచ్చినవ్? నీ బడికి ఇయ్యాల తాళం వడ్డదా?"

"ఆ బకెట్ల ఏమున్నది అత్తా?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

"హౌజుల నీళ్ళే. చేపున్న నీళ్ళు. ఇంకేడ వోస్త, వాకిట్ల వోస్తనా?" అంది కొమురవ్వ. "గంగల చేప ఉన్న నీళ్ళు తొక్కుడుల వొయ్యొద్దని మీ నాయన సుత చెప్తుండె. నువ్వు సదువుల వడి మర్చిపోయినవ్."

రజిత మర్చిపోలేదు. పెద్దమడుగులో ఏ ఇంట్లోనూ చేప ఉంచిన నీళ్ళు జనం తొక్కే నేల మీద పోయరు. కొర్రమట్టలను సంతదాకా బతికించే హౌజు, అంటే నీళ్ళ తొట్టి, ప్రతి వాడకట్టులో ఒకటుంది. వాటి నీళ్ళు రోజూ మార్చి, పాతవి తెచ్చి రేవులో కలుపుతారు. చిన్నప్పుడు ఆ బకెట్లు ఆమె కూడా మోసింది. యంత్రం పెట్టినప్పుడు హౌజుల్లో ఉండే జాతుల పట్టిక తీసి, వాటిని లెక్కలోంచి తప్పించింది. ఆ పట్టికలో కొర్రమట్ట ఉంది, మార్పు చేప ఉంది, ఇంగిలాయి ఉంది. వాలుగ లేదు. వాలుగను ఎవరూ హౌజులో పెట్టరు. పెడితే మిగతా వాటిని తినేస్తుంది.

"చేపేది అత్తా?"

"రా, జూద్దువు."

కొమురవ్వకు అరవై నాలుగేళ్ళు. భర్త ఓదెలు పోయి పదకొండేళ్ళయింది. అప్పటి నుంచి తెప్ప మీద తనే వెళ్ళి తనే వల వేస్తుంది. ఆమె ఇంటి వెనక సిమెంటు హౌజు మీద పాత వల కప్పి ఉంది. వల తీస్తే అడుగున చేప కనిపించింది. రెండున్నర అడుగుల పొడవు. రెండు మీసాలు ముందుకు చాచి ఉంది. పక్కటెముకల మీద తెల్లటి మచ్చలు, పుండ్లు మానిన చోట్లు. రజిత లెక్కపెట్టింది. తొమ్మిది.

"శివరాత్రి ముంగట వలల వడ్డది" అంది కొమురవ్వ. "నా వలల వాలుగ వడక పదేండ్లు గావచ్చె. సంబురపడి లేపిన. లేపితే ఒళ్ళంత పుండ్లే. బొక్క కనవడేదాక తిన్నయ్. అమ్ముదామంటే కొనేటోడు లేడు. ఇడుద్దామంటే ఆ నీళ్ళల్లనే గదా పుండ్లయింది. ఇగ తెచ్చుకున్న. నల్లా నీళ్ళు ఒకరోజు ఎండల వెట్టి హౌజుల వోస్త. ఉప్పు, పసుపు గలిపి రుద్దిన. యాపాకు ఉడకవెట్టి వోశిన. చిన్న పరికె చేపలు తెచ్చి ఏస్తున్న, రోజుకు దోసెడు తింటది ముండ. ఆనలు వడి కొత్తనీళ్ళు రాంగనే ఇడుస్త."

ఫిబ్రవరి నుంచి ఆ చేప నదిలో లేదు. నల్లా నీళ్ళలో, పసుపులో కోలుకుంది. రజిత దాని కోలుకోవడాన్ని నది పేర రాసింది.

"ఎవలకన్న చెప్పినవా అత్తా?"

"ఎవలకు చెప్పాలె? రోగమొచ్చిన చేపను సాదుతున్ననంటే నవ్వరా?" కొమురవ్వ ఆమె ముఖం చూసింది. "ఏమైందే? నేనేమన్న తప్పు జేసిన్నా?"

"నువ్వు గాదు. నేను."

రజిత హౌజు గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఫ్యాక్టరీ రెండో గొట్టం గురించి చెప్పింది. ఈ చేపను తీసేస్తే సూచి ఇరవై తొమ్మిది అని చెప్పింది. కొమురవ్వ అంకెలు పట్టించుకోలేదు.

"ఇరవై తొమ్మిదైతే?"

"గొట్టాలు బందు. వలలు బందు. రెండు వానకాలాలు."

"ఎవల వలలు?"

"అందరియి. సంఘంల ఉన్న ఎనభై నాలుగు ఇండ్లయి. నీది గూడ."

కొమురవ్వ వల తీసి హౌజు మీద కప్పింది. ఒక మూల జారితే రాయి పెట్టింది.

"అయితే ఇయ్యాల్నే ఇడుద్దాం" అంది. "కొత్తనీళ్ళ దాక ఎందుకు? మడుగుల ఇడిస్తే ఉన్నట్టే గదా. నువ్వు రాసింది నిజమైతది. ఎవలకు ఏం గాదు."

రజితకు ఆ ఆలోచన రేవు మెట్ల మీదే వచ్చింది. చేప నంబరు అదే. బాధ పన్నెండే. సాయంత్రానికల్లా నదిలో ఉంటుంది. నివేదికలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

"ముందొకటి చూద్దాం" అంది.

స్టేషన్ నుంచి చేతి యంత్రం తెప్పించింది. యాకూబ్ మోటర్‌సైకిల్ మీద తెచ్చాడు. అతని వెనకే రజిత అన్న రాజమల్లు వచ్చాడు. రాజమల్లు మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు. బండి మీద యంత్రం చేపల బడి నుంచి తన మేనత్త ఇంటికి పోతుంటే ఏమిటా అని వచ్చాడు. వచ్చాక విషయం అడిగి తెలుసుకున్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

బట్టలుతికే పెద్ద టబ్బులో మడుగు నీళ్ళు నింపారు. కొమురవ్వ చేపను తడిగుడ్డలో చుట్టి రెండు చేతుల మీద తెచ్చి అందులో వదిలింది. రజిత యంత్రం తీగ నీళ్ళలో వేసింది. పన్నెండు.

పది నిమిషాలకు పద్నాలుగు. ఇరవై నిమిషాలకు పంతొమ్మిది.

"ఎండకేమో" అన్నాడు రాజమల్లు.

టబ్బును వేపచెట్టు నీడకు జరిపారు. కొమురవ్వ టబ్బు పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె యంత్రం వైపు చూడలేదు.

"తియ్యిండ్రి" అంది కాసేపటికి. "మీసాలు ముడుస్తాంది. మంచి నీళ్ళల్ల ఉంటే మీసాలు సాపుతది."

"ఇంకో పది నిమిషాలు అత్తా" అంది రజిత. అప్పటికి అంకె ఇరవై ఒకటి. ఇంకో పది నిమిషాలకు ముప్ఫై మూడు అయింది. చేప టబ్బు అంచుకు ముక్కు రాసుకుంటోంది.

రాజమల్లు గోడ దగ్గర్నుంచి వచ్చాడు.

"ముప్ఫై మూడైతేంది? చావలే గదా. విచారణ ఇరవైకి. అప్పటిదాక బతుకుతది. చెల్లె, నేనడుగుత చెప్పు. దీన్ని మడుగుల ఏస్తే నువ్వు అబద్ధం రాసినట్టా?"

"అబద్ధం గాదన్నా."

"మరింకేంది?"

"ఇరవై రోజుల్ల మళ్ళ పుండ్లయితయ్. అప్పుడు రాసినా బందే. ఈలోపల రెండో గొట్టం వస్తది."

"అప్పటి సంగతి అప్పుడు. గొట్టం సంగతి మేం కొట్లాడుకుంటం. కొట్లాడేటోని కడుపుల ఇంత ఉండాలె గదా." రాజమల్లు గొంతు పెంచలేదు. "మీరు సదువుకున్నోళ్ళు మంచిగున్నరే. జరం జూసేది నదికి, పథ్యం వెట్టేది మాకు. రంగులు కలిపేటోడు హైదరాబాద్‌ల ఉంటడు. వాడు రెండేండ్లు ఇంకో పని జేస్తడు. కొమురత్త ఏం జేస్తది? నాకు వల గాక ఏం వచ్చు?"

చట్టంలో దానికి జవాబు లేదు. చట్టం రాసేటప్పుడు పిలిచిన ఏడుగురిలో రజిత ఒకతె. చేపల గురించి నలభై పేజీలు ఇచ్చింది.

రాజమల్లు వంగి టబ్బు అంచులు పట్టుకున్నాడు.

"ఎత్తు" అంది కొమురవ్వ, కూర్చున్న చోటి నుంచే. "ఎత్తి తీస్కపోయి ఇడువు. తెల్లారి నువ్వే వలేసి పట్టు. పట్టి పోరగాళ్ళకు వండి వెట్టు."

"దీన్ని తినమంటలేను గదత్తా."

"గీ నీళ్ళల్లదే గదరా మనం అమ్మేది. పరికెలకు పుండ్లు కనవడయ్, చిన్నయి గావట్టి. దీనికి కనవడ్డయ్, పెద్దది గావట్టి. నాలుగు నెలలు పొద్దున మాపున దీని ఒళ్ళు తడిమిన నేను. నాకు ఎరికే. ఎరికుండి గూడ నేను నిన్నటిదాక సంతకు వోయిన. నీకు చెప్పలే, నీ చెల్లెకు చెప్పలే."

రాజమల్లు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత టబ్బు అంచులు వదిలి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అత్తా, సంఘంల నువ్వే చెప్పు ఈ ముచ్చట. నేను జెప్పను" అని వెళ్ళిపోయాడు.

కొమురవ్వ చేపను ఎత్తి హౌజులో వేసింది. అది అడుగుకు పోయి కదలకుండా పడుకుంది. సాయంత్రం నాలుగుకు మీసాలు చాచింది.

రజిత ఆ మధ్యాహ్నమే హైదరాబాద్‌లో పైఅధికారి ప్రభావతికి ఫోన్ చేసింది. ప్రభావతి మొత్తం విన్నది.

"దేశంలో ముప్ఫై స్టేషన్లు నీ లెక్కతో నడుస్తున్నాయి. ఒక ముసలమ్మ బకెట్ వల్ల సూచి తప్పయిందని రాస్తే ఆ ముప్ఫై స్టేషన్లనూ అనుమానిస్తారు."

"అనుమానించాలి మేడం. ఒక్క చేప మీద అన్ని మార్కులు వేయకూడదు. అది కూడా రాస్తాను."

"ఆ మార్కులు వేసిందెవరు?"

"నేనే."

"సవరణ మీద నీ పేరొక్కటే ఉంటుంది రజితా."

"ఉండనివ్వండి."

సంఘం సమావేశం ఆదివారం కమ్యూనిటీ హాలు వరండాలో జరిగింది. కొమురవ్వ చెప్పింది, కూర్చుంది. ఒకతను "నీ చేపకు మాత్రం నల్లా నీళ్ళా, మాకు రంగు నీళ్ళా" అన్నాడు. కొందరు నవ్వారు. ఇంకొకామె రజితను చూస్తూ, ఈ బడి రాకముందు మడుగు ఇట్ల లేదు అంది. అది నిజమే. బడి రాకముందు మడుగు ఎట్లా ఉందో ఎవరూ రాసిపెట్టలేదు. చివర్లో రాజమల్లు నదిలోంచి వలలు ఎప్పుడు లేపాలో తేదీ మాత్రం చెప్పాడు.

సవరించిన నివేదిక జూన్ పదిహేడున వెళ్ళింది. విచారణ జరగలేదు. వలలు జూలై ఒకటిన లేచాయి. గొట్టం జూలై పదిన మూతపడింది. మధ్యలో తొమ్మిది రోజులు ఫ్యాక్టరీ కోర్టులో ఉంది. సంఘం కోర్టుకు పోలేదు. జూలై మూడో వారానికి నాలుగు కుటుంబాలు పని కోసం భీమండికి వెళ్ళాయి, రెండు మంచిర్యాలకు. రాజమల్లు పెద్దపల్లిలో సిమెంటు గోదాములో పనికి కుదిరి, ఆదివారాలు వస్తున్నాడు. చెల్లెలితో మాట్లాడుతున్నాడు, తక్కువగా.

హౌజు నీళ్ళు రేవులో పోయవద్దని రజిత కొమురవ్వను అడిగింది. యంత్రం మళ్ళీ మోసపోతుంది కాబట్టి అడగక తప్పలేదు. కొమురవ్వ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత ఇంటి వెనక ఎవరూ తొక్కని మూలన గుంత తవ్వి అందులో పోయడం మొదలుపెట్టింది. మొదటి రోజు బకెట్ ఒంచాక నేలకు దండం పెట్టి, "తప్పైంది తల్లీ" అంది.

జూలై ఇరవై ఆరున కొమురవ్వ చేపల బడికి వచ్చింది. ఏడేళ్ళలో అక్కడికి రావడం అదే మొదటిసారి. నాట్లకు పోతూ దారిలో ఆగింది. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బా. గడప మీద నిలబడి యంత్రం చూసింది.

"ఇదేనా? ఇంకా పెద్దగుంటది అనుకున్న."

"రా అత్తా, కూసో. ఛాయ తాగుతవా?"

"వొద్దు. ట్రాక్టరోడు పోతడు." గోడ మీది తెరలో పేర్లు కింది నుంచి పైకి కదులుతున్నాయి. "గిండ్ల ఏడున్నది నాది?"

రజిత వెతికి చూపించింది. వాలుగ, పదిహేడు. ఎదురుగా ఒక గడి ఖాళీ.

"పేరు కొట్టేసినవా?"

"కొట్టేయలే. గైర్హాజరు అని పెట్టిన. నదిలకు వస్తే యంత్రం దానంతటదే గుర్తుపడ్తది."

"బతికే ఉన్నది గదనే నా ఇంట్ల."

"ఉన్నది. కానీ నదిల లేదు గదత్తా. నదిల లేనిదాన్ని ఉన్నదని రాయొద్దు."

కొమురవ్వ తల ఊపింది. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"మంచిదే. లేని పరికె సుత లేదని రాస్తవ్" అంది. "మరి నన్నేడ రాసినవ్? పదమూడేండ్లప్పుడు దిగిన గీ గంగల. ఇరవై ఐదు రోజులాయె, కాలు తడవక. నేను గూడ లేను గదా బిడ్డా గిండ్ల."

ఆమె ఆ మాట కోపంగా అనలేదు. జవాబు కోసం ఆగలేదు కూడా. బయట ట్రాక్టర్ హారన్ మోగితే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నెలవారీ నివేదిక పంపాల్సిన రోజు అదే. రజిత తెర ముందు కూర్చుంది. జాతి, నంబరు, బాధ, హాజరు. మనుషులకు గడి లేదు. నివేదిక కింద 'ఇతర విషయాలు' అని ఒక చోటుంది. ఏడేళ్ళలో ఆమె అక్కడ వరద మట్టం తప్ప ఏమీ రాయలేదు. అక్కడ టైపు చేసింది.

కొమురవ్వ, అరవై నాలుగేళ్ళు, పాత రేవు, పెద్దమడుగు. జూలై ఒకటి నుంచి నదిలో లేదు. కారణం: ఈ స్టేషన్ నివేదిక.

చదివి చూసుకుంది. ఏదీ మార్చలేదు.

"యాకూబ్, సంఘం సభ్యుల లిస్టు తెప్పించు" అంది.

"ఎందుకు మేడం?"

"ఇంకా ఎనభై మూడు ఇండ్లున్నయ్."